కణితికి రక్తం అందకుండా ఆపే మందు ఎందుకు?

ప్రశ్న: మా బాపుకు పెద్దపేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకింది. కీమోతో పాటు, కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు కూడా ఇస్తామని డాక్టరు గారు చెప్పారు. క్యాన్సర్ కణాలను చంపితే చాలదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలా సందర్భాల్లో చాలదు. కణితిలో క్యాన్సర్ కణాలే కాక, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, గాయం మాన్పడానికి వచ్చే కణాలు కూడా ఉంటాయి. వీటిలో కొన్నింటిని కణితి తన పెరుగుదలకే వాడుకుంటుంది. మామూలు కణం బయటి నుంచి సంకేతం అందితేనే విభజన చెందుతుంది, కానీ రాస్ వంటి జన్యువు దెబ్బతిన్న కణంలో ఆ సంకేతం ఆగకుండా సాగుతూనే ఉంటుంది. అలా కణాలు పెరిగి కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటగానే ఆక్సిజన్ చాలక, వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదిలి, పక్కనున్న రక్తనాళాల నుంచి కొత్త శాఖలను తనవైపు రప్పించుకుంటుంది. ఈ దారిని మూసివేయాలని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. అది ఎంతో దూరదృష్టి గల ఆలోచన. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో తొలి అనుమతి లభించింది కూడా, పాకిన పెద్దపేగు క్యాన్సర్‌కే.

అయితే గాయాలు మానడానికీ కొత్త రక్తనాళాలు కావాలి కనుక, ఈ మందు వాడేటప్పుడు ఆపరేషన్ గానీ, పన్ను తీయించడం గానీ డాక్టరు గారిని అడగకుండా చేయించకండి. దగ్గరలోని దవాఖానలో బీపీ తరచూ చూపించండి. రక్తస్రావం గానీ, తీవ్రమైన కడుపునొప్పి గానీ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.