అరవడం మానేసినా జట్టు దగ్గర కావడం లేదు

ప్రశ్న: నా వయసు 21. కళాశాల వాలీబాల్ జట్టుకు కెప్టెన్‌ని. ఒక మ్యాచ్‌లో కీలకమైన పాయింట్ పోయిందని మా సెట్టర్ (దాడి చేసేవారికి బంతిని ఎత్తి అందించే ఆటగాడు) మీద అందరి ముందూ అరిచాను. అతను నాకు మంచి స్నేహితుడు. అప్పటి నుంచి ఏం జరిగినా నోరు మెదపడం లేదు. అయినా జట్టు దూరంగానే ఉంటోంది. ఆ కోపమంతా ఇంట్లో అమ్మ మీద చూపిస్తున్నాను. కెప్టెన్సీ వదిలేయమంటారా?

జవాబు: మీరు అరవడం మానేశారు గానీ కోపం మానలేదు. కోపాన్ని అణచుకోవడం, అదుపులో పెట్టుకోవడం ఒకటి కావు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రచురించిన ప్రయోగంలో, భావాన్ని ముఖంలో కనిపించకుండా దాచుకున్నవారికి లోపలి బాధ తగ్గకపోగా శరీరంపై ఒత్తిడి పెరిగింది. చూస్తున్నదాన్ని మొదటి నుంచే వేరే దృష్టితో చూసినవారిలో ఆ భావమే పలచబడింది. కోర్టులో మీరు దాచుకున్నది ఇంట్లో అమ్మగారి దగ్గర బయటపడుతున్నదంటే ఆశ్చర్యం లేదు.

మీ మౌనాన్ని జట్టు ప్రశాంతతగా తీసుకుంటోందని నేననుకోను. పాయింట్ పోయిన మరుక్షణం ఆటగాళ్ల చూపు కెప్టెన్ ముఖం మీదికే వెళ్తుంది. అక్కడ బిగిసిన దవడ కనిపిస్తే, ఆ కోపం ఎవరి మీదో తెలియక ప్రతివారూ తన మీదేననుకుంటారు. అందరికన్నా ఎక్కువ నష్టపోయేది సెట్టర్. దాదాపు ప్రతి దాడిలోనూ బంతి అతని చేతుల మీదుగానే పోవాలి కనుక, మీకు భయపడి అతను సాహసం మాని ఎదుటివారు ముందే పసిగట్టగల బంతులే ఎత్తుతుంటే, చివరికి చిక్కుల్లో పడేది ఆ బంతిని నెట్ మీదుగా బలంగా కొట్టే (స్పైక్ చేసే) వారే.

కోపం వచ్చేవాడు నాయకత్వానికి పనికిరాడన్న మాట నిజం కాదు. నిబ్బరానికి మారుపేరైన మహేంద్ర సింగ్ ధోనీ సైతం 2019 ఐపీఎల్‌లో ఒక నోబాల్ నిర్ణయంపై మైదానంలోకి వచ్చి వాదించినందుకు మ్యాచ్ ఫీజులో 50 శాతం జరిమానా కట్టారు. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనంలో, బాస్కెట్‌బాల్ కోచ్‌లు విరామ సమయంలో కొంత అసంతృప్తి చూపినప్పుడు జట్టు రెండో సగంలో మెరుగ్గా ఆడిందనీ, ఆ తీవ్రత హద్దు దాటితే ఫలితం తిరగబడిందనీ తేలింది. కాబట్టి మీ అసంతృప్తిని చెప్పండి, కానీ మనిషి గురించి కాకుండా ఆట గురించి చెప్పండి. రిఫరీ ఈల వేశాక సర్వీసుకు 8 సెకన్లే ఉంటాయి. ఆ వ్యవధిలో పోయిన పాయింటుకు కారణాలు వెతకడం దండగ. తర్వాతి బంతికి ఎవరెక్కడ నిలబడాలో ఒక్క ముక్కలో చెబితే మీ దృష్టీ అటే మళ్లుతుంది.

ముందుగా సెట్టర్‌తో ఏకాంతంగా మాట్లాడండి. అందరి ముందు అరిచినందుకు క్షమాపణ చెప్పి, తప్పు జరిగినప్పుడు తనకు మీ నుంచి ఎలాంటి మాట ఉపయోగపడుతుందో అడగండి. కెప్టెన్ తనను అలా అడగడం అతనికి క్షమాపణ కన్నా ఎక్కువ నచ్చవచ్చు.

ఇక అమ్మగారు. మ్యాచ్ ముగిశాక నేరుగా ఇంటికి వెళ్లకుండా కోచ్‌తోనో, మరో ఆటగాడితోనో ఆ రోజు ఆట గురించి కాసేపు మాట్లాడి వెళ్లండి. కసురుకుంటున్నది ఆమె తప్పు వల్ల కాదని ఆమెకు స్పష్టంగా చెప్పండి. ఆ మాట మీరు చెప్పనంత కాలం ఆవిడ తన లోపం కోసమే వెతుక్కుంటూ ఉంటారు. వస్తువులు విసరడం, చేయి లేపడం వరకూ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మనస్తత్వ నిపుణులను స్వయంగా కలవండి.

కెప్టెన్సీ సంగతి ఈ సీజన్ ముగిశాక, సెట్టర్ అభిప్రాయం కూడా తెలుసుకుని, కోచ్‌తో కలిసి నిర్ణయించుకోండి.