లా ఫర్మ్స్ నుంచి ఒక్క రిప్లై కూడా రావట్లేదు, ఫీజు కట్టి సర్టిఫికెట్ తీసుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రైవేట్ కాలేజీలో అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ చేస్తోంది, ఇప్పుడు మూడో సంవత్సరం. ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో పెద్ద లా ఫర్మ్స్ అన్నిటికీ ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్స్ పెట్టింది, ఒక్కళ్లూ పలకలేదు. నేషనల్ లా యూనివర్సిటీ పిల్లల్నే తీసుకుంటారట, లేదంటే రికమెండేషన్ కావాలట. మా ఇంటా వంటా లాయర్లు లేరు. ఈలోపు ఒకాయన ఫీజు కడితే ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ వస్తుందంటున్నాడు. కట్టమంటారా? డిగ్రీ అయ్యాక దీని దారేంటి?

జవాబు: ముందు ఆ ఫీజు సంగతి తేల్చేద్దాం, కట్టకండమ్మా. పని నేర్పేవాళ్లు ఎవరూ ఎదురు డబ్బులడగరు, ఇస్తే గిస్తే వాళ్లే ఎంతో కొంత స్టైపెండ్ ఇస్తారు, లేదా ఏమీ ఇవ్వరు, అంతే. పైగా ఆ సర్టిఫికెట్‌ని సీవీలో రాశాక ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు "అక్కడ ఏ మేటర్ మీద పనిచేశావ్" అని అడుగుతారు, అప్పుడు ఆ పిల్ల ఏం చెప్తుంది పాపం.

ఇక నేషనల్ లా యూనివర్సిటీల మాట. అది సగం నిజమే, పెద్ద ఫర్మ్స్ క్యాంపస్ రిక్రూట్‌మెంట్‌కి ముందు అటే వెళ్తాయి, దాన్ని కాదని మీకు తియ్యగా చెప్పి లాభం లేదు. కానీ ఇంటర్న్‌షిప్ దగ్గర తలుపులు అంత గట్టిగా మూసేసి ఉండవు. పెద్ద ఫర్మ్స్ చాలావాటికి వెబ్‌సైట్లో కెరీర్స్ పేజీ, అందులో అప్లికేషన్ ఫారం ఉంటాయి, ఆ ఫారం నింపకుండా మెయిల్ పెడితే దాన్ని తెరిచి చూసే నాథుడుండడు. ఇంకోటి, మే, జూన్, డిసెంబర్ స్లాట్స్ నెలల ముందే నిండిపోతాయి, సెలవులిచ్చాక అప్లై చేస్తే ఎప్పటికీ దొరకదు. మూడోది, ఆ ఫర్మ్స్ ఎక్కువగా నాలుగు, అయిదు సంవత్సరాల వాళ్లని చూస్తాయి, ఎందుకంటే వాళ్లకి అది ఉద్యోగానికి ట్రయల్ లాంటిది, పని నచ్చితే అక్కడే ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్, అంటే చదువు అవ్వకముందే ఉద్యోగం, ఇచ్చేస్తారు. కాబట్టి మూడో సంవత్సరంలో రాలేదని ఇప్పుడే కుంగిపోవాల్సిన పనేం లేదు.

నన్నడిగితే మీ అమ్మాయి చివర ఎక్కాల్సిన మెట్టు ముందు ఎక్కబోయింది. లా చదువుకి, లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం అయిదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, మూడేళ్ల కోర్సుకైతే 12 వారాలు, ఏ సంవత్సరంలోనైనా ఒకే విడతలో 4 వారాలు దాటకూడదు. ఆ రూల్లోనే ఇంకో మాట ఉంది, దాన్ని పిల్లలు ఎవరూ పట్టించుకోరు. కోర్సు మొత్తంలో ఒక్కసారైనా కేసు మొదట విచారించే ట్రయల్ కోర్టు అడ్వకేట్ దగ్గర, అప్పీల్ కోర్టు అడ్వకేట్ దగ్గర చేసి తీరాలని. ఎలాగూ చెయ్యాల్సిందే కదా, ఆ ట్రయల్ కోర్టుదే ముందు కానివ్వండి.

అక్కడ ఏం వస్తుంది అంటారా, ఒక చెక్ బౌన్స్ ఫైల్ తీసుకోండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 138. క్లాసులో దీన్ని పది మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తారు. ఛాంబర్‌లో సీనియర్ గారు ఆ ఫైల్ చేతిలో పెట్టి "టైమ్‌లో ఉన్నామా చూడమ్మా" అంటారు, అప్పుడు బ్యాంక్ రిటర్న్ మెమో ఏ తేదీన చేతికొచ్చింది, అక్కణ్ణుంచి 30 రోజుల్లోపు నోటీసు వెళ్లిందా, అవతలాయనకి అది ఏ రోజు అందింది, పోస్ట్ అక్‌నాలెడ్జ్‌మెంట్ ఫైల్లో ఉందా లేదా, అందాక 15 రోజులు ఆగారా, ఆ గడువు దాటాక నెలలోపు కంప్లైంట్ వేశారా, ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంటూ కూర్చోవాలి, ఒక్క తేదీ తప్పినా క్లయింటు కేసు మొదట్లోనే ఇరుక్కుంటుంది. ఈ పని నాలుగు ఫైళ్లకి చేసిన పిల్లకి ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడు ఉంటుంది. పొద్దున కోర్టులో కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్‌లో నిలబడటం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, కోర్టు ఆఫీస్ ఆబ్జెక్షన్ పెట్టి రిటర్న్ చేసిన ప్లెయింట్ (దావా కాగితం) సరిచేసి మళ్లీ వెయ్యడం, ఇవి చిన్న పనులని తీసిపారేస్తారు గానీ కోర్టు ఎలా నడుస్తుందో వీటిల్లోనే తెలుస్తుంది, గుమాస్తా గారితో కాస్త మంచిగా ఉంటే ఇంకా తెలుస్తుంది. ఛాంబర్‌లో ఫైల్ ఫొటోలు తీసి స్టేటస్‌లు, లింక్డ్‌ఇన్ పోస్టులు పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, అందులో ఉండేవి క్లయింటు రహస్యాలు.

లాయర్లు ఎవరూ తెలీదన్నారు. పరిచయం లేకపోయినా ఓపెన్ కోర్టులో ఎవరైనా కూర్చోవచ్చు, రెండు మూడు రోజులు వెళ్లి చూస్తే ఎవరు బాగా ప్రిపేరై వస్తున్నారో తెలిసిపోతుంది, కోర్టయ్యాక వెళ్లి సీవీ ఇచ్చి అడగొచ్చు. కాలేజీలో ప్రాక్టీస్ చేసి వచ్చిన లెక్చరర్‌ని అడగొచ్చు. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో కూడా అడగమనండి, లోక్ అదాలత్, ఉచిత న్యాయసహాయం అన్నీ దగ్గర్నుంచి చూడొచ్చు. అడగాల్సింది తనే, మీరు కాదు. తల్లిదండ్రులు ఫోన్ చేసి "మా పాపని కాస్త చూడండి" అంటే ఆ అప్లికేషన్ పని అక్కడికి అయిపోయినట్టే, ఏమీ అనుకోకండి.

ఇప్పుడు మెయిల్. ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను, "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని మొదలై, "కష్టపడే స్వభావం, నేర్చుకోవాలనే తపన" మీదుగా పేజీ నిండా సాగి, ఒకే మెయిల్ ఇరవై ఫర్మ్స్‌కి కాపీ పెట్టి ఉంటుంది. దాన్ని పక్కన పడేసి ఇలా రాయమనండి. సబ్జెక్ట్ లైన్లోనే "ఇంటర్న్‌షిప్ అప్లికేషన్, జూన్ 1 నుంచి 28, మూడో సంవత్సరం, డిస్ప్యూట్స్ టీమ్" అని పెట్టాలి, డిస్ప్యూట్స్ అంటే తగాదాల కేసులు చూసే టీమ్. లోపల నాలుగు వాక్యాలు చాలు, "నేను ఫలానా కాలేజీలో మూడో సంవత్సరం. డిసెంబర్‌లో నాలుగు వారాలు ట్రయల్ కోర్టు అడ్వకేట్ దగ్గర చేశాను, సెక్షన్ 138 కేసుల్లో లిమిటేషన్ చార్టులు, రెండు లీగల్ నోటీసుల డ్రాఫ్టులు నా పని. మీ డిస్ప్యూట్స్ టీమ్ చేసే కమర్షియల్ రికవరీ సూట్స్ మీద పనిచెయ్యాలని ఉంది. సీవీ, రెండు పేజీల రైటింగ్ శాంపిల్ జత చేశాను." అయిపోయింది. ఫర్మ్ పేరు, పార్టనర్ పేరు స్పెల్లింగ్ సరిచూసుకోవాలి, ఒక ఫర్మ్‌కి రాసిన మెయిల్లో ఇంకో ఫర్మ్ పేరు మిగిలిపోవడం ఎంత మామూలో మీరు నమ్మరు. సీవీ ఒకటి, మహా అయితే రెండు పేజీలు. పది రోజులయ్యాక ఒక్కసారి మర్యాదగా ఫాలో అప్ చెయ్యొచ్చు, అంతకు మించి విసిగించొద్దు. మరీ పెద్ద ఫర్మ్స్‌నే పట్టుకుని వేలాడకుండా పది ఇరవై మంది లాయర్లున్న ఫర్మ్స్‌కి కూడా పంపమనండి, అక్కడ ఇంటర్న్‌ని పార్టనర్ స్వయంగా చూస్తారు.

రైటింగ్ శాంపిల్ అన్నాను కదా, చాలామంది అక్కడే దొరికిపోతారు. శాంపిల్‌గా పెట్టే రీసెర్చ్ నోట్‌లో మొదటి పేరాలోనే జవాబు ఉండాలి, ఆధారాలు తర్వాత. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అయినా నేరం ఆ తేదీకి ముందు జరిగితే ఐపీసీ సెక్షనే వర్తిస్తుంది, అది చూసుకోకుండా మోసం కేసుకి ఐపీసీ 420 అనో కొత్త చట్టం 318 అనో రాసేస్తే చదివే అసోసియేట్‌కి (ఫర్మ్‌లో లాయర్‌కి) మొదటి లైన్లోనే నమ్మకం పోతుంది. జడ్జిమెంట్లు వెతకడానికి ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర సైట్లు కాలేజీ లైబ్రరీ లాగిన్ ఉంటే వాడాలి, లేకపోతే ఇండియన్ కానూన్ ఉంది, సుప్రీంకోర్టు తీర్పుల రిపోర్టులు కూడా ఆ కోర్టు సొంత సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో 2023 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. ఏఐ ఇచ్చిన జడ్జిమెంట్‌ని మాత్రం అసలు కాపీ తెరిచి చదవకుండా పెట్టకూడదు, 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ పుట్టించిన లేని జడ్జిమెంట్లని కోర్టుకిచ్చిన లాయర్లకి 5,000 డాలర్ల ఫైన్ పడింది.

డిగ్రీ తర్వాత సంగతి. స్టేట్ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వాలి, అంటే అడ్వకేట్‌గా పేరు నమోదు చేయించుకోవాలి, చట్టంలో ఉన్న 750 రూపాయల కంటే, ఎస్సీ ఎస్టీలకైతే 125 కంటే ఎక్కువ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, స్టాంప్ డ్యూటీ వేరే. ప్రాక్టీస్ కొనసాగాలంటే పాసవ్వాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్‌కి అంత భయం అక్కర్లేదు, 100 ప్రశ్నలు, నోట్స్ లేని బేర్ యాక్ట్స్ (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లొచ్చు.

డబ్బు విషయం దాచను. పెద్ద ఫర్మ్‌లో మొదటి నెల నుంచే మంచి జీతం, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారో చెప్పలేం. కోర్టు ప్రాక్టీస్‌లో మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది తక్కువే. జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది గానీ అది సలహా మాత్రమే, ఇచ్చి తీరాలని లేదు. ఆ రెండు మూడేళ్లు ఇంటి నుంచి ఎంత వరకు ఆదుకోగలరో మీరిద్దరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది.

జడ్జి అవ్వాలని మనసులో ఏమైనా ఉంటే, డిగ్రీ అవ్వగానే కోచింగ్‌లో చేరి జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసెయ్యొచ్చనే పాత లెక్క ఇప్పుడు చెల్లదు. 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి చేసింది, అది ప్రొవిజనల్‌గా, అంటే బార్ ఎగ్జామ్ పాసవ్వకముందు తాత్కాలికంగా, ఎన్‌రోల్ అయిన రోజు నుంచి లెక్క, కనీసం పదేళ్ల స్టాండింగ్ (ప్రాక్టీస్ అనుభవం) ఉన్న అడ్వకేట్ దానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, న్యాయాధికారి దాన్ని ధ్రువీకరించి ఎండార్స్ చెయ్యాలి. అందుకని ఎన్‌రోల్‌మెంట్ ఒక్క నెల కూడా వాయిదా వెయ్యొద్దు, చేరిన రోజు నుంచే వకాలత్‌లో తన పేరు కూడా పెట్టమని సీనియర్ గారిని అడగమనండి.