రివ్యూ రాస్తే మన వివరాలు బయటపడతాయా?

గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూ రాయడం వల్ల వ్యక్తిగత గోప్యత పోతుందా అని అడిగారు. నా అనుభవంలో రివ్యూ కంటే దాని పైన కనిపించే పేరు, దాని కింద యజమాని ఇచ్చే జవాబు ఎక్కువ బయటపెడతాయి.

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారి రక్తపరీక్ష రిపోర్టు చెప్పిన వేళకు ఇవ్వకుండా సాయంత్రం దాకా కూర్చోబెట్టిన ఒక ల్యాబ్ గురించి, ఎవరికి ఏ పరీక్ష చేయించామో రాయకుండా, ఆలస్యం సంగతి మాత్రమే రాశాను. ల్యాబ్ వారు "మీ నాన్నగారి క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది, అందుకే రెండోసారి చూడవలసి వచ్చిందండీ" అని ఎంతో మర్యాదగా, ఊరంతా చదివేలా జవాబిచ్చారు. క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరును తెలిపే రక్తపరీక్ష. కోనసీమలో ఇంటిపేరూ ఫొటో కనిపిస్తే చాలు, ఎవరి తాలూకో ఇట్టే తెలిసిపోతుంది. రావులపాలెం నుంచి మేనత్తగారు ఫోన్ చేసి, "తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయటగా, మాకు చెప్పనేలేదేమిట్రా?" అని నిష్ఠూరమాడారు. వ్యక్తిగత సమాచారం ఉందని ఫిర్యాదు చేశాక ఆ జవాబును తొలగించారు గానీ, అప్పటికే చుట్టాలందరికీ కబురు చేరిపోయింది.

పైగా మన పేరు మీద నొక్కితే పాత రివ్యూలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పిల్లల బడి, పళ్ల డాక్టరు, అద్దెకున్న అపార్ట్‌మెంటు, ఇలా విడివిడిగా చూస్తే ఏమీ లేనివే వరుసగా చదివితే మన సంసారమంతా తెలుస్తుంది. సంబంధం గురించి వాకబు చేసేవారికి ఇక పెళ్లిళ్ల పేరయ్యతో పని ఉండదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. అయినా, మనంతట మనమే బహిరంగపరచిన సమాచారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వర్తించదు. నాన్నగారి ఆరోగ్యం సంగతి వేరు, దానిని వెల్లడించింది మేము కాదు.

కాబట్టి ఆసుపత్రులు, బడుల గురించి రాయవలసివస్తే ఇంటిపేరు లేని ఖాతాతో, తేదీలూ బంధుత్వాలూ లేకుండా రాయండి. మ్యాప్స్ సెట్టింగుల్లో ప్రొఫైల్‌ను పరిమితం చేసుకోవచ్చు గానీ, ఆ దుకాణం పేజీలో మీ రివ్యూ కనిపిస్తూనే ఉంటుంది. ముందుగా మీ పాత రివ్యూలన్నీ ఒకసారి పరాయివారి కళ్లతో చదివి, ఇల్లూ పిల్లల ఆనవాళ్లూ ఉన్నవాటిని దిద్దండి, లేదా తీసేయండి.