స్టెమ్ సెల్ డిప్లొమాకు రెండున్నర లక్షలు కట్టాలా?

ప్రశ్న: మాది మలక్‌పేట. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. నిరుడు షుగర్ వల్ల మా నాన్నగారి కాలి బొటనవేలు తీసేశారు. అప్పటి నుంచి ‘రక్తనాళాలను మళ్లీ పుట్టించే కణాలు ఉన్నాయి నాన్నా, వాటి మీదే పని చేస్తాను’ అంటోంది. ఎండోథీలియల్ ప్రొజెనిటర్ కణాలట. ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల స్టెమ్ సెల్ (మూలకణాల) డిప్లొమాకు రెండున్నర లక్షలు అడుగుతోంది. ఉద్యోగం ఖాయమంటున్నారు. ఈ కణాలు ఎక్కించే క్లినిక్ కూడా ఉందని మా బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: డిప్లొమాకు డబ్బు కట్టకండి. అమ్మాయి కోరికను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తాతగారి కాలిని చూసి పుట్టిన ప్రశ్న అది. పరిశోధనలో ఏళ్ల తరబడి నిలబెట్టేవి అలాంటి ప్రశ్నలే.

ముందు ఆ కణాల సంగతి. రవికెకు లోపల అస్తరు ఉన్నట్టే రక్తనాళాలకూ లోపల ఒక పలుచని పొర ఉంటుంది. అదే ఎండోథీలియం. పెద్దయ్యాక కొత్త నాళాలు పాత నాళాల నుంచే మొలకెత్తుతాయని చాలాకాలం అనుకున్నారు. 1997లో బోస్టన్‌లో అసహరా, ఇస్నర్‌ల బృందం పెద్దవాళ్ల రక్తంలోనే ఈ పొరను తయారుచేయగల కణాలు తిరుగుతున్నాయని ప్రకటించింది. గుండెపోటుకు, నెత్తురు అందక కుళ్లే కాళ్లకు మందు దొరికినట్టేనని ఎందరో ఆశపడ్డారు.

తర్వాత జరిగింది మీ అమ్మాయి శ్రద్ధగా చదవాలి. అసహరా బృందం పద్ధతిలో రక్తం నుంచి తీసి పెంచితే, కొద్దిరోజులకే పెరిగే కణాల్లో చాలావరకు తెల్లరక్తకణాల కుటుంబానికి చెందినవని తేలింది. అవి కొత్త నాళాలు ఏర్పడటానికి సాయపడే పదార్థాలను విడుదల చేస్తాయి గాని తామే నాళపు గోడగా మారవు. నిజంగా గోడ కట్టగలిగేవి రెండు మూడు వారాలు ఆగితే తప్ప కనిపించవు. పెద్దవాళ్ల రక్తంలో అవి బహు అరుదు, బొడ్డుతాడు రక్తంలో కాస్త ఎక్కువ. 2004లో అమెరికాలోని ఇండియానాలో ఇంగ్రామ్, యోడర్‌ల బృందం వీటిని వేరుచేసి చూపింది. చివరికి 2017లో నిపుణులు కూర్చుని, ఏ కణాన్ని ఏ పేరుతో పిలవాలో ఒక ఒప్పందానికి రావలసి వచ్చింది. ఇరవై ఏళ్లలో పేరే మారిపోయిన కణం మీద ఆరు నెలల డిప్లొమా ఏం నేర్పుతుందో మీరే ఆలోచించండి.

ఇంకో చిక్కుముడి ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది అదే. షుగర్ ఉన్నవాళ్లలో ఈ కణాల సంఖ్యా తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. అంటే ఎవరికి వీటి అవసరం ఎక్కువో వాళ్ల రక్తంలోనే ఇవి నీరసంగా ఉంటాయి. మీ అమ్మాయి పీహెచ్‌డీ ప్రశ్న అక్కడే దొరకవచ్చు.

అయితే ఆ ప్రశ్నను ఎంచుకునేది పీహెచ్‌డీలోనే. ఇప్పుడు కావలసింది బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్‌లలో ఒకదానిలో గట్టి ఎమ్మెస్సీ. గ్యాట్-బి, సీయూఈటీ-పీజీ, జామ్, సీపీగెట్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు నాలుగింటికీ దరఖాస్తు చేయించండి. జామ్ దరఖాస్తుల గడువు ముందే ముగుస్తుంది కాబట్టి సెప్టెంబరు నుంచే కన్నేసి ఉంచండి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మరోవైపు ఉస్మానియా ఉండగా ఊరు వదలాల్సిన పని కూడా లేదు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ కాలంలో ఆమె మీ మీద ఆధారపడదు. కానీ అది పూర్తయ్యేసరికి ఆమెకు 28 ఏళ్లు దాటవచ్చు. ఈ మాట ఇంట్లో అందరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి, నాలుగేళ్ల తర్వాత పెళ్లిసంబంధం వచ్చిన రోజున కాదు.

ఇక ఈ పని ఆమెకు సరిపడుతుందా అన్నది. కణాలను 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో పెంచుతారు. వాటికి పోసే పోషక ద్రవం గులాబీరంగులో ఉంటుంది. ఒకరోజు తలుపు తీసేసరికి అది పసుపుపచ్చగా, మబ్బుగా కనబడిందంటే బ్యాక్టీరియా చేరినట్టే, మూడు వారాల శ్రమ పారబోయాల్సిందే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆదివారమైనా, బతుకమ్మ పండుగైనా ద్రవం మార్చే రోజు వస్తే వెళ్లాలి. రెండున్నర లక్షల ఫీజు బదులు, వేసవిలో ఏదైనా ప్రభుత్వ పరిశోధన సంస్థలో రెండు నెలల ప్రాజెక్టు కోసం శాస్త్రవేత్తలకు పదిహేను ఉత్తరాలు రాయించండి. హబ్సిగూడలో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ మీ ఇంటికి ఎంతో దూరం కాదు. పదిమంది జవాబివ్వకపోయినా నిరుత్సాహపడవద్దని చెప్పండి.

పరిశోధన వద్దనిపించినా కణాలు పెంచే ఈ చేతిపని వృథా పోదు. కోవాగ్జిన్ టీకాకు వైరస్‌ను పెంచింది వీరో కణాల్లోనే (కోతి మూత్రపిండం నుంచి వచ్చి, ప్రయోగశాలల్లో పెంచే కణాలు). శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీలకు కణాలను శుభ్రంగా పెంచగలిగేవాళ్లు ఎప్పుడూ కావాలి.

కణ చికిత్స నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గురించి చదవమనండి. సున్నమో యాసిడో పడి కంటిపొర దెబ్బతిన్నవారికి, బాగున్న కంటి అంచు నుంచి తీసిన మూలకణాలతో అక్కడ ఎందరికో చూపు తెప్పించారు. ఏ కణం, ఎక్కడి నుంచి, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ అక్కడ స్పష్టమైన జవాబుంది.

మీ బంధువులు చెప్పిన క్లినిక్ విషయంలో అదే స్పష్టత అడగండి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన చికిత్స కానప్పుడు, మూలకణాలను క్లినికల్ ట్రయల్‌లో (చికిత్స పనిచేస్తుందో లేదో రోగుల మీద పరీక్షించే అధ్యయనంలో) తప్ప ఎక్కించకూడదు. ట్రయల్ అయితే దానికి సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్‌ను నమోదు చేసే జాబితా) నమోదు సంఖ్య ఉంటుంది, రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. సంఖ్య చెప్పకుండా అడ్వాన్సు అడిగితే లేచి వచ్చేయండి. ఈలోగా తాతగారి రెండు పాదాలనూ రోజూ రాత్రి వేళ్ల సందులతో సహా చూసే పని అమ్మాయికే అప్పగించండి. చిన్న పొక్కు కనబడినా మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.