తమ్ముడికి, బుజ్జి ఆప్షన్లు పెట్టకముందే చదవాల్సిన ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. బుజ్జికి తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 14 వేల ర్యాంకు వచ్చిందని, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంచి ఇంజనీరింగ్ చదివిస్తావని చెప్పింది. మన ఇంట్లో చదువు కోసం హైదరాబాద్ దాకా వెళ్తున్న మొదటి ఆడపిల్ల అది. ఆ సంతోషంతో చాలాసేపు నిద్రే పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం అమ్మ చివర్లో అన్న మాట గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. "ఆప్షన్లు నెట్ సెంటర్ అబ్బాయి పెట్టేస్తాడటలే" అంది. ఆప్షన్లంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ కావాలో వరసగా పెట్టే జాబితా, దాన్నిబట్టే సీటొస్తుంది. అందుకే రాస్తున్నా. ఫోన్లో చెబితే "ఊఁ, సరే అక్కా" అంటావు, సగం మర్చిపోతావు. మరదలితో కూడా చదివించు.

ముందు కాగితాలు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి స్లాట్ బుక్ చేసుకోవడానికి 1,200 కట్టాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, ఆధార్, కులం సర్టిఫికెట్ ఎటూ సర్దే ఉంటావు. జనం తడబడేది వేరేచోట. ఆదాయం సర్టిఫికెట్ ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసిందే కావాలి. నిరుడు స్కాలర్‌షిప్ కోసం తీసింది బీరువాలో ఉంది కదా అని అది పట్టుకెళ్లకు. స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాదీ తప్పకుండా ఉండాలి. బుజ్జి ఆరు, ఏడు చదివిన బడి మూతపడింది. ఆ రికార్డు సంగతి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఈ వారమే అడుగు. వెరిఫికేషన్ ముందురోజు అడిగితే దొరకదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే అదీ ఇప్పుడే సరిచేయించు.

జేఈఈ మెయిన్ కూడా రాసింది కాబట్టి ఇంకొకటి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందై ఉండాలి. రాష్ట్రం జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు, ముందు అది చూసుకో. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలవే. అమ్మాయిలకు విడిగా కొన్ని సీట్లున్నాయి, కాబట్టి నిరుటి క్లోజింగ్ ర్యాంకు, అంటే సీటొచ్చిన చివరి ర్యాంకు, చూసేటప్పుడు ఫిమేల్ ఓన్లీ అన్న వరసే చూడు. మామూలు వరస చూసి "మనకి రాదులే" అని వదిలేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

ఫీజు సంగతి పచ్చిగా మాట్లాడుకుందాం. బీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపు ఉంటే ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది. అది దాటితే ఏడాదికి 35 వేలే. అంటే లక్ష దాటిన ఫీజున్న కాలేజీలో బుజ్జికి సీటొస్తే, మిగతాది నాలుగేళ్లూ నువ్వే కట్టాలి, హాస్టలు దానికి అదనం. ఈ లెక్క ఆప్షన్లు పెట్టకముందే వేసుకో, బుజ్జిని పక్కన కూర్చోబెట్టుకుని వేసుకో. మన దగ్గర ఎంతుందో పిల్లకి తెలిస్తే పరువేమీ పోదు. తెలియకపోతే, తర్వాత నువ్వు అప్పు చేసినప్పుడు అది తనవల్లే అనుకుని కుమిలిపోతుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటు ఇప్పిస్తామని ఫోన్లు వస్తుంటాయి. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం సీట్లు ఆ కోటావి. వాటికి ప్రభుత్వం ఫీజు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ ఉండదు. ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీలోనూ వదిలిపెట్టకు. ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు.

ఇక ఆప్షన్లు. నాయనా, ఇక్కడ మాత్రం తొందరపడకు.

ఆ కంప్యూటర్ చేసే పని చాలా చిన్నది. ర్యాంకు వరసలో బుజ్జి వంతు వచ్చినప్పుడు జాబితా పైనుంచి చదువుకుంటూ వస్తుంది. ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చి అక్కడ ఆగిపోతుంది. కింద ఇంకా మంచిది ఉందా అని చూడదు. కాబట్టి "ఇది తప్పకుండా వస్తుంది" అనుకున్న కాలేజీని మొదట పెట్టామో, దాని కింద రాసిన మంచి కాలేజీలన్నీ వృథా. రాదనుకున్నది పైన పెడితే పోయేదేమీ లేదు, రాకపోతే తర్వాతి దానికి వెళ్తుంది. వరస పూర్తిగా ఇష్టాన్ని బట్టే ఉండాలి. నిరుటి లాస్ట్ ర్యాంకులు చూసేది ఎందుకంటే జాబితా ఎంత కిందిదాకా రాయాలో తెలియడానికే. ఆ షీటులో ఒక్కో కులానికి అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి వరసలుంటాయి. స్కేలు పెట్టి మన వరసే చూసుకోండి, పక్క వరసలోకి కన్ను జారుతుంది. నిరుడు 20 వేల దగ్గర ఆగిన కాలేజీల దాకా జాబితాలో ఉంటే నీకు నిద్ర పడుతుంది. ఆప్షన్లకు సంఖ్యా పరిమితి లేదు, 60, 70 రాసినా తప్పులేదు. కానీ చేరనని బుజ్జి అన్న కాలేజీ ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

పెద్దన్నయ్య వాళ్ల అబ్బాయి సంగతి నీకు సగమే తెలుసు. నువ్వప్పుడు ఊళ్లో లేవు. కౌన్సెలింగ్ మొదటి విడతలో వాడికి యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్, వచ్చింది. ఫీజు కట్టారు, చేరుతున్నామని ఆన్‌లైన్‌లో తెలిపే సెల్ఫ్ రిపోర్టింగ్ అయ్యింది. పేడాలు కూడా పంచారు. రెండో విడత మొదలవగానే అన్నయ్యకి కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) మీద ఆశ పుట్టింది. "పాత సీటు మన చేతిలోనే ఉందిగా, కొత్తది నచ్చితే మారదాం, నచ్చకపోతే ఇదే ఉంచుకుందాం" అనుకున్నాడు. ఓ కాగితం మీద తనే 42 ఆప్షన్లు రాశాడు, అన్నీ సీఎస్ఈలే. మొదటి పది మంచివి. ఆ తర్వాతవి ఎవరెవరో చెప్పిన పేర్లు. ఆ కాగితం నెట్ సెంటర్లో ఇచ్చి, వచ్చిన ఓటీపీ చెప్పి, ఇంటికొచ్చేశాడు.

నచ్చిందా లేదా అని అక్కడెవరూ అడగరు, తమ్ముడూ. రెండో విడతలో ఆ 42లో ఏది తగిలినా పాత సీటు అదే క్షణంలో పోతుంది, వెనకున్న ర్యాంకు వాడికి వెళ్లిపోతుంది. నోటిఫికేషన్లో అది స్పష్టంగా రాసే ఉంటుంది, పాత సీటు మీద హక్కు ఉండదని. సాయంత్రం మెసేజ్ వచ్చింది. 31వ ఆప్షన్ వచ్చింది. ఊరికి దూరంగా కొత్తగా పెట్టిన కాలేజీ. దాని పేరు కూడా పిల్లాడు అప్పుడే వినడం. అన్నయ్య మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చేయడానికి ఏమీ లేదు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇంకొకటుంది. ఆ కాగితం రాస్తున్నప్పుడు వాడు పక్క గదిలోనే ఉన్నాడు. ఏడో తరగతి నుంచీ పాడైన రేడియోలు, టార్చిలైట్లు విప్పి వైర్లు అతికే పిల్లాడు. ఈసీఈ వాడికి ఇష్టమైన సీటు. "నీకేం కావాలిరా" అని ఎవ్వరం అడగలేదు. వాడూ చెప్పలేదు, నాన్న అంత ఆశగా రాస్తుంటే ఎలా చెబుతాడు?

అక్కడితోనూ అయిపోలేదు. ఇంకో విడతలో మారొచ్చేమో అని ఆగి, మంచిరోజు చూసుకుని, మూడు వారాలు ఆలస్యంగా చేర్చారు. అప్పటికి కొత్త పిల్లలకు కాలేజీని పరిచయం చేసే ఇండక్షన్ అయిపోయింది. గదులు, బెంచీలు, మెస్‌లో ఎవరి పక్కన ఎవరు అన్నదంతా స్థిరపడిపోయింది. ఇంటికి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అనేవాడు. మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు పోయాక గానీ, వాడు రెండు నెలలుగా మెస్‌కి వెళ్లకుండా గదిలో బిస్కెట్లు తిని పడుకుంటున్నాడని మనకి తెలియలేదు. తర్వాత తేరుకున్నాడు, డిగ్రీ పూర్తిచేశాడు, ఉద్యోగంలో ఉన్నాడు. కానీ ఆ ఏడాది వాడి ముఖం నేను మర్చిపోలేను.

అందుకని, ముందు తెల్లకాగితం మీద బుజ్జి చేత రాయించు. వరస సంఖ్య, కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్, నిరుటి లాస్ట్ ర్యాంకు, ఫీజు, ఇంటి నుంచి దూరం. సీఎస్‌ఎం అంటే ఏఐ, మెషిన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, ఐఎన్‌ఎఫ్ అంటే ఐటీ. ఒక్క అక్షరం తేడాతో వేరే బ్రాంచ్ వస్తుంది. నువ్వు చదువుతుంటే అది టైప్ చేయాలి, లేదా అది చదువుతుంటే నువ్వు టైప్ చేయాలి. నెట్ సెంటర్‌కి వెళ్లినా సరే, పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ ఎవరి నోటికీ అందించకు. సేవ్ చేశాక ప్రింట్ తీసి కాగితంతో ఒక్కో వరసా పోల్చి చూడండి, లాగవుట్ చేశాకే లేవండి. రెండో విడతలో మొదటి విడత ఆప్షన్లు లెక్కలోకి రావు, మళ్లీ కొత్తగా పెట్టాలి. చేతిలో ఉన్న సీటుకన్నా మంచివి మాత్రమే పెట్టాలి. ఉన్నది నచ్చితే అసలు పెట్టొద్దు. ఫీజు కట్టే గడువు రాత్రి దాకా ఉందని ఆగకు, ఆ గంటల్లో సైటు మొరాయిస్తుంది. గడువులోగా కట్టకపోతే సీటు పోయినట్టే.

ఇంక బుజ్జి సంగతి. అది అమ్మతో అందట, "అక్కడందరూ ఇంగ్లీషులో మాట్లాడతారేమో, నా బట్టలు చూసి నవ్వుతారేమో" అని. నువ్వు "చదువు మీద దృష్టి పెట్టు, బట్టలెందుకు" అన్నావట. తప్పు, తమ్ముడూ. రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లారి లేచిన దగ్గర్నుంచి స్టడీ అవర్లే. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చారు, పక్కపిల్లతో మాట్లాడితే తిట్టారు. అలాంటి పిల్ల ఒక్కసారిగా వందమందిలో పడబోతోంది. ఆ భయం చిన్నది కాదు. దానికి నచ్చిన నాలుగు జతలు కొనిపెట్టు, ఎంపిక దానికే వదిలెయ్యి. లాప్‌టాప్ మాత్రం నెల ఆగి కొనండి, ఏ రకం కావాలో కాలేజీలో చెబుతారు.

చేరేలోపు ఈ నెలరోజులు ఇంట్లో నేర్పాల్సినవి ఉన్నాయి. బట్టలు ఉతుక్కోవడం, యూపీఐలో వారం ఖర్చు చూసుకోవడం, ఒక్కతే బస్సెక్కి పక్క టౌనుకి వెళ్లి రావడం. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే కదా, పైసా ఖర్చు లేదు. మొదటిసారి నువ్వు వెనక సీట్లో కూర్చో. రెండోసారి బస్టాండ్ దాకానే వెళ్లు.

ఎన్ని పనులున్నా, ఆషాఢమైనా, చెప్పిన తేదీకే చేర్చు. మొదటి మూడు వారాల ఇండక్షన్‌లో పాఠాలు పెద్దగా ఉండవని చాలామంది మానేస్తారు. స్నేహాలు కుదిరేది ఆ మూడు వారాల్లోనే. బయట హాస్టల్ తీసుకుంటే పొద్దున ఏడు గంటలకు వెళ్లి చూడు. నీళ్లు వస్తున్నాయా, ఎంతమందికి ఒక బాత్రూం, గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది అన్నది ఆ వేళకే తెలుస్తుంది. డబ్బు నెల నెలా కట్టు, ఏడాదిది ఒకేసారి ఇవ్వకు.

ఫోన్ రోజూ ఒక వేళకి చెయ్యి, పది నిమిషాలు చాలు. మార్కులు అడగకు, "తిన్నావా" అని కూడా అడగకు, ఆ ప్రశ్నకి అందరు పిల్లలూ "తిన్నా" అనే అంటారు. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు" అని అడుగు. పేరు చెబితే నిశ్చింతగా ఉండు. వారంలో రెండుమూడు పేర్లు వినిపిస్తే ఇంకా మంచిది. పది రోజులు వరసగా "ఎవరూ లేరు" అన్నా, మాట దాటేసినా, తలనొప్పి అని క్లాసులు మానేస్తున్నా, ఆ ఆదివారం బయల్దేరి వెళ్లు. తిట్టడానికి కాదు, దాంతో కలిసి బయట భోంచేయడానికి. హాజరు 75 శాతం తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది, 65 దాటి తగ్గితే పరీక్షలకే కూర్చోనివ్వరు. కాబట్టి క్లాసులు మానడం ఎక్కువకాలం చూస్తూ ఊరుకోకూడదు. మనసు బాగాలేకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. సీనియర్లు అర్ధరాత్రి వాట్సాప్‌లో పరిచయాలు చెప్పమని వేధించినా అది ర్యాగింగే. 1800-180-5522 నంబరు దాని ఫోన్లోనూ, మరదలి ఫోన్లోనూ ఎక్కించు.

ఇంగ్లీషు గురించి బుజ్జికి నా మాటగా చెప్పు. క్లాసులో సగంమంది మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. మొదటి వారం అందరూ ఆ భయంతోనే నోరు మూసుకుంటారు. పక్కనున్న అమ్మాయిని "మీది ఏ ఊరు" అని తెలుగులోనే పలకరించమను.

సరే. కాగితం మీద ఆప్షన్ల జాబితా పూర్తయ్యాక ఫోటో తీసి నాకు పంపు. అది బుజ్జి చేతిరాతలో ఉండాలి.

ప్రేమతో,
అక్క