ఇంటూ మార్కు పట్టీలు ఎక్కడివి?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె, నాయిన వడ్ల పని, అదే వడ్రంగం చేస్తడు. పోయిన నెల హైదరాబాద్‌ల ఇనుప తీగెల సెకండ్‌హ్యాండ్ గిటార్ కొన్న, షాపాయన స్పానిష్ గిటార్ అని ఇచ్చిండు. ఇంటికొచ్చినంక నాయిన చిన్న అద్దం, ఫోన్ లైటు పెట్టి లోపలికి చూసి, పై చెక్క కింద రెండు పట్టీలు ఇంటూ మార్కు లెక్క ఉన్నయిరా అన్నడు. స్పెయిన్ గిటార్లల్ల విసనకర్ర లెక్క ఉంటయట కదా. నన్ను మోసం చేసిండ్రా?

జవాబు: మోసమేం లేదు తమ్ముడూ. ఒళ్లె పండబెట్టి వాయించేది హవాయన్, ఎదకు ఆనించి వాయించేది స్పానిష్ అని మన మ్యూజిక్ షాపులల్ల ఎప్పటిసందో అంటరు, గంతే. నీ దాని లోపలున్న పని మాత్రం అమెరికాది, దాన్ని మొదలువెట్టిండని పేరున్నాయన కూడా ఒక వడ్లాయన కొడుకే, అందుకే నీ ఉత్తరం చూడంగనే మస్తు సంతోషమైంది.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్, జర్మనీల సాక్సనీ ప్రాంతం, మార్క్‌న్యూకిర్కెన్ ఊర్ల 1796ల పుట్టిండు. వియన్నా పోయి యోహాన్ గియోర్గ్ స్టౌఫర్ అనే పెద్ద పనోని దగ్గర గిటార్ పని చేసిండు. తిరిగి ఊరికొస్తే అక్కడ వయొలిన్లు చేసేటోళ్ల సంఘం, కుర్చీలు బల్లలు చేసే మీకు గిటార్లెందుకు, అది మా పని అని వడ్లోళ్ల మీద కొట్లాటకు దిగింది. ఆ లొల్లి ఏండ్లకేండ్లు నడిచింది, ఆఖరికి 1833ల పెండ్లాం పిల్లలతోని న్యూయార్క్ పోయి హడ్సన్ స్ట్రీట్‌ల దుకాణం పెట్టిండు.

అప్పుడు ఆయన చేసినయి అచ్చం వియన్నా గిటార్లే. నడుము సన్నగ, తల వంకీ తిరిగి, ఆరు బిరడలూ ఒక్క దిక్కే. మెడ వెనక చిన్న రంధ్రం ఉండేది, అండ్ల గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి లాంటిది పెట్టి తిప్పితే మెడ లేస్తది లేకుంటే దిగుతది, తీగెలు ఎంత ఎత్తుండాలో వాయించేటోడే చూసుకుంటడు. నాకైతే ఇది ఇప్పటికీ అద్భుతమే. లోపల మాత్రం పట్టీలు నిచ్చెన మెట్ల లెక్క అడ్డంగ ఉండేటియి.

ఆ తర్వాత న్యూయార్క్‌ల ఆయన సరుకు అమ్మిన జాన్ కూపా స్పానిష్ గిటారిస్టు, ఇంక 1840ల మేడమ్ డి గోని అనే స్పానిష్ విద్వాంసురాలు కూడా అక్కడ దిగింది, వాళ్ల వల్ల స్పెయిన్ గిటార్ ఎట్లుంటదో మార్టిన్ దగ్గరగ చూసిండు. కింది భాగం వెడల్పు, లోపల విసనకర్ర పట్టీలు, పై చెక్క మీద తీగెలు ఆనే వంతెన ముక్కకే తీగెలు ముడేసుడు, ఇవన్నీ ఆయన పనిల చేరినయి, వంకీ తల మెల్లగ పోయింది. 1843ల మేడమ్ డి గోని కోసం చేసిన గిటార్‌ల విసనకర్ర కాకుండ ఇంటూ మార్కు పట్టీలు పెట్టిండు, తేదీ తెలిసిన మార్టిన్ గిటార్లల్ల అట్లున్న మొదటిది అదే అంటరు. వియన్నాల నేర్చిన చెయ్యి, స్పెయిన్ చూసిన కన్ను, రెండూ కలిస్తే మూడోది పుట్టిందని నేను నమ్ముత.

అప్పట్ల తీగెలు పేగుతోని చేసినయి, లాగుడు తక్కువ. ఇనుప తీగెలు 1920లల్ల జోరందుకున్నంకనే ఆ ఇంటూ మార్కు బలమేందో తెలిసింది. ఇప్పటి మామూలు లైట్ సెట్, అంటే సన్న ఇనుప తీగెల సెట్, ఆరు తీగెలూ కలిసి సుమారు 70 కిలోల బరువుతోని లాగుతయి, నైలాన్ అయితే 40 కిలోల కాడ. అందుకే ఎవరన్న విసనకర్ర పట్టీల గిటార్ ఇస్తే దానికి ఇనుప తీగెలు ఎక్కియ్యకు, వంతెన లేస్తది, పై చెక్క ఉబ్బుతది. నీదానికి భయం లేదు.

ఇంకోటి, ఇండియన్ రోజ్‌వుడ్ అని పెద్ద కంపెనీలు పక్కలకు, వీపుకు వాడేది మన జిట్రేగి కర్రనే, మీ నాయినకు చెప్పు, ఆయన చెయ్యికి తెలిసిన కర్రే అది.

ఇప్పుడు మళ్లొకసారి అద్దం పెట్టి ఆ రెండు పట్టీలు కలిసే కాడ చూడమను. రెండిటినీ సగం సగం చెక్కి ఒకదాంట్ల ఒకటి కూసోబెడతరు, తలుపు చట్రాలకు ఆయన చేసే అతుకే. అక్కడ సందు గనబడితే, లేదా పై చెక్క మీద వేలితోని కొడితే గరగరమంటే, తీగెలు వదులు జేసి నాకు రాయి.