తాలింపా, పోపా, తిరగమోతా?

అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ కోడలి కోసం, రెండోసారి ఆమె వంటింటి కోసం. అత్తగారు పోయాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, ఆమె తొలిసారి ఒంటరిగా పొయ్యి వెలిగించే ఘట్టం దగ్గర నా కళ్లు చెమ్మగిల్లాయి. అయితే సరిగ్గా అక్కడే ఆగిపోయాను కూడా. మొదటి వాక్యంలో ఆమె పప్పుకు తాలింపు వేస్తుంది. మూడో వాక్యంలో పోపు మాడుతుంది. పేరా ముగిసేసరికి తిరగమోత వాసన వీధిదాకా వెళుతుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ రాకూడదని మార్చావు, తెలుస్తూనే ఉంది. వ్యాసం రాసేటప్పుడు బడిలో అందరికీ నేర్పేది అదే. నిఘంటువులో ఈ మూడూ పర్యాయపదాలే. కానీ ఒక మనిషి ఒకే మూకుడు ముందు నిలబడి దానికి మూడు పేర్లు పెట్టడం నేనెక్కడా వినలేదు.

తాలింపు పాత మాట. ఒకప్పుడు ‘ళ’తో తాళింపు అని రాసేవారు. తమిళులు నేటికీ తాళిప్పు అంటారు. రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి అన్నమాట. పక్కనే ఉన్న కన్నడిగులది మాత్రం ఒగ్గరణె. నెల్లూరులోనూ, రాయలసీమలో చాలా చోట్లా తాలింపు అనే మాట మూకుడు దాటి కంచంలోకి వచ్చేసింది. అక్కడ బెండకాయ తాలింపు అంటే అన్నంలో కలుపుకునే వేపుడు కూర, పైన వేసే నాలుగు గింజలు కావు. గోదావరి జిల్లాల్లో పోపు కూర అంటారు. తెలంగాణలో పోపుతో పాటు ఉర్దూ నుంచి వచ్చిన బగార ఉంది. దాని అర్థమూ ఇదే, అయినా ఆ మాట ఇప్పుడు బగారన్నానికీ, హైదరాబాదు బగారా బైంగన్‌కూ అతుక్కుపోయింది. పెళ్లి విందులో బగారన్నం వాసన తగిలితే ఎవరూ పోపును తలుచుకోరు.

మరి నీ కోడలు ఏ ఊరి పిల్ల? అత్తగారిది ఏ ఊరు? ఇవి నువ్వు కథలో చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా, ఆ ఒక్క మాట సరిగ్గా పడితే చాలు. పుట్టింట్లో తాలింపు అన్న పిల్ల అత్తగారింట పోపు అనడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆలోచించు. ఆ రోజు ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె నోట ఏ మాట వస్తుంది? నాకైతే నీ కథంతా అక్కడే ఉందనిపిస్తోంది.

తిరగమోత గురించి ఇంకో సంగతి. ‘ఆవాల మోత వల్ల ఆ పేరు వచ్చింది’ అని రాశావు. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ మాటకు తిరుగబోత అనే రూపం ఉంది. పోత అంటే పోయడం. వండి దించిన పప్పు మీదో, చారు మీదో కాగిన నూనెను గింజలతో సహా తిరిగి పోయడం. ఆ ‘పో’ ఒక చోట ‘బో’ అయింది, మరొక చోట ‘మో’ అయింది. రాయలసీమలో తిరగవాత అంటారు, అక్కడ మోత జాడే లేదు. మాట పుట్టుక గురించి చెవికి ఇంపైన కథ తోచినప్పుడల్లా, అదే మాట పక్క జిల్లాలో ఎలా పలుకుతుందో అడిగి చూడు.

ఇక మూకుడులోకి వద్దాం. నీ కోడలు ముందు కరివేపాకు వేసి, తర్వాత శనగపప్పు వేసింది. శనగపప్పు ఎర్రబడేసరికి ఆ కరివేపాకు నల్లగా మాడిపోతుంది. ఆవాలలోని తడి ఆవిరై పొట్టును పగలగొట్టాలంటే నూనె బాగా కాగాలి. జీలకర్రకు, ఎండుమిర్చికి అంత వేడి అక్కరలేదు. ఇంగువకు చివరి క్షణం చాలు. ఆ దినుసుల సువాసన నీటిలో కంటే నూనెలో బాగా దిగుతుంది కాబట్టే ఇంత శ్రమ. నువ్వు చూసుకోక క్రమం తప్పావు. అదే, దుఃఖంలో ఆమె చెయ్యి తప్పిందని రాసి ఉంటే? పప్పులో తేలుతున్న నల్లటి ఆకులను భర్త మాట్లాడకుండా పక్కకు తీసిపెట్టుకుంటాడు. ఆ తర్వాత నువ్వు రాసిన ఒకటిన్నర పేజీ ఏడుపు అవసరమే ఉండదు.

శ్రీనాథుడి కాలంలో నడిపిన నీ రెండో కథలో పూటకూళ్లమ్మ ఎండుమిర్చి తుంచి పోపులో వేసింది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కో డ గామా కాలికట్ తీరానికి చేరింది 1498లో, మిరప పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది ఆ తర్వాతే. శ్రీనాథుడు అప్పటికే కాలం చేసి దశాబ్దాలైంది. ఆమె చేత మిరియాలు దంపించు. మనం మిరపకు పేరు పెట్టుకున్నది కూడా మిరియాన్ని చూసే.

విదేశాల్లో ఉన్న పాఠకుల కోసం ఈ మాటలకు కింద అర్థాలు ఇవ్వాలా అని అడిగావు. వద్దు. డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా తెలుగు చదివేవాళ్ల ఇంట్లో పోపుల డబ్బా ఉంటుంది.

డబ్బా అంటే గుర్తొచ్చింది. మా అమ్మ పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద మడిచిన నోట్లు ఉండేవి. నా మొదటి కథను పత్రికకు పంపడానికి తపాలా ఖర్చు అందులోంచే తీసి ఇచ్చింది. ఆ నోటుకు ఇంగువ వాసన ఉండేది. నీ కథలో అత్తగారి డబ్బా గూట్లో అలాగే ఉంది, ఎవరూ మూత తీయలేదు. కోడలి చేత తీయించు. ఏ గిన్నెలో ఏముందో, ఏది అడుగంటిందో చూసి, ఆ పేజీ ఒక్కటి తిరగరాసి నాకు పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు